శబ్దాన్ని చెవితో కాదు, మీటరుతో కొలవండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సైలెన్సర్లు మార్చిన మోటారు సైకిళ్లను పోలీసులు పట్టుకోవడం పాత బండ్ల అభిమానులకు నచ్చదన్న అపోహ నెల్లూరులో చాలామందికి ఉంది. నిజానికి మాగుంట లేఅవుట్‌లో, మినీ బైపాస్ మీద, ఆసుపత్రులున్న వీధులని కూడా చూడకుండా అర్ధరాత్రి తుపాకులు పేల్చినట్టు బుల్లెట్లు నడిపేవారి వల్ల ఎక్కువగా మాట పడుతున్నది మేమే. మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. వారి విషయంలో దాన్ని కచ్చితంగా అమలు చేయవలసిందే.

మా ఇబ్బంది తనిఖీ జరిగే తీరుతోనే. బండి పాతదైనా, పొగ కనిపించినా, శబ్దం కొత్తగా తోచినా ‘మార్పు చేశారు’ అనేస్తున్నారు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన యెజ్డీ మోటారు సైకిల్‌కు సిలిండరు ఒకటే అయినా సైలెన్సర్లు రెండు. అది కంపెనీ అమరికే. దాని టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా మండుతుంది గనుక కొంత పొగ తప్పదు. సైలెన్సర్ లోపల శబ్దాన్ని అణచే బఫిల్‌ను తీసేసిన బండికీ, తుప్పుపట్టిన గొట్టానికి అతుకు వేయించుకున్న బండికీ తేడా తెలియాలంటే కిందికి వంగి చూడాలి, డెసిబెల్ మీటరు పెట్టాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఆ కర్మాగారం 1996లోనే మూతపడింది. ఒరిజినల్ సైలెన్సర్ దొరకనప్పుడు, పాతదాని కొలతల ప్రకారం మన ఊరి వెల్డర్ చేత చేయించుకోవడం తప్ప యజమానికి గతి లేదు. దాన్ని, మోత కోసం కొని తగిలించిన గొట్టాన్ని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా ఇక్కడ అక్కరకు రావు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటితేనే అవి వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 కట్టాలి; కట్టినా ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. 1978లో వచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్‌కు గానీ, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు గానీ ఇంకా ఆ వయసు రాలేదు. (బుల్లెట్‌కు పొడవాటి ఫోర్కు, లారీ టైరంత వెడల్పు టైరు వేయించి దాన్ని ‘క్లాసిక్’ అనేవారి తరఫున నేను మాట్లాడటం లేదు.)

జిల్లా రవాణా అధికారులు మూడు నెలలకొకసారైనా ఒక ఆదివారం పాత ద్విచక్ర వాహనాలకు ప్రత్యేక తనిఖీ పెట్టాలి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లను రిజిస్ట్రేషన్ పత్రంతో పోల్చి, శబ్దాన్ని మీటరుతో కొలిచి, సరిగా ఉన్న బండికి రోడ్డు మీద పోలీసులకు చూపించుకునేలా ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. కొలతలో తేడా వచ్చిన బండి మాలో ఎవరిదైనా సరే, అక్కడికక్కడే కేసు రాయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దర్గామిట్ట, నెల్లూరు