వెటరన్స్ కోర్టు సహాయ విభాగం: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వెటరన్స్ కోర్టు అంటే, ఇక్కడ అమెరికాలో కేసుల్లో ఇరుక్కున్న మాజీ సైనికుల్ని జైలుకి పంపే బదులు చికిత్స, పర్యవేక్షణతో దారిలో పెట్టే ప్రత్యేక కోర్టు. అక్కడికి వెళ్ళే మనవాళ్ళకి తోడుండడం ఈ విభాగం పని. సర్వసభ్య సమావేశానికి నివేదిక పెట్టాలి కాబట్టి రాస్తున్నాను. నిబంధన లేకపోయినా రాసేవాణ్ణేమో. ఈ విభాగం చేసిన పని మన సంక్రాంతి ఫొటోల్లో ఎక్కడా కనబడదు మరి. ముందే ఒక మాట: కోర్టుకి వెళ్ళిన మన అబ్బాయిల పేర్లు గానీ, వాళ్ళకి తోడు వెళ్ళినవాళ్ళ పేర్లు గానీ ఇందులో ఉండవు. ఈ కాగితం సాయంత్రానికల్లా ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరుగుతుందో నాకు తెలుసు.

ఈ ఏడాది మన దగ్గరికి ముగ్గురు వచ్చారు. ఒకతను స్టూడెంట్ వీసా మీద వచ్చి, మావ్నీ పథకంలో (పౌరులు కానివాళ్ళని అప్పట్లో అమెరికా సైన్యంలోకి తీసుకున్న పథకం) సైన్యంలో చేరి, పౌరసత్వం తెచ్చుకున్నవాడు. ఇంకొకతను గ్రీన్‌కార్డు మీద చేరినవాడు. మూడో అతను ఇక్కడే పుట్టినవాడు. అతను రెండు నెలలు వచ్చి, ఇన్ని పరీక్షలూ ఇన్ని సంతకాలూ నా వల్ల కాదని మామూలు కోర్టుకే వెళ్ళిపోయాడు. అతని మీద ఎవరూ వ్యాఖ్యలు చేయొద్దని మనవి. ఏడాదికి పైగా రెండు వారాలకోసారి జడ్జి ముందు నిలబడడం, కౌన్సెలింగ్, ఎప్పుడు పిలుస్తారో తెలియని మూత్ర పరీక్షలు... జైలు తప్పించుకునే సులువు దారి అనుకునేవాళ్ళు ఒక్క నెల చేసి చూడాలి.

మొదటి అబ్బాయి అక్టోబరులో గ్రాడ్యుయేట్ అయ్యాడు, అంటే కోర్టు పెట్టిన కార్యక్రమం పూర్తి చేశాడు. మన విభాగం మొదలయ్యాక ఇదే తొలి గ్రాడ్యుయేషన్, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అతనిది తాగి కారు నడిపిన కేసు. అఫ్ఘానిస్థాన్ నుంచి వచ్చాక నిద్ర లేదు, నిద్ర కోసం మందు మొదలైంది. కోర్టులో ఒక్కొక్కరికీ ఒక రంగు ఇస్తారు. రోజూ తెల్లారి ఫోన్ చేస్తే రికార్డింగ్‌లో ఒక రంగు చెబుతారు, మనది చెబితే ఆ రోజు పరీక్షకి వెళ్ళాలి. ఇతనిది ఆకుపచ్చ. వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలున్నారు. ఇంగ్లీషు రాకపోయినా 'గ్రీన్' అన్న మాట కోసం ఆవిడ కూడా స్పీకర్ దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేవారు.

ఆవిడ ప్రేమగా వండిన కోడికూర దగ్గరే ఒకసారి అందరికీ టెన్షన్ పట్టుకుంది. మసాలాలో గసగసాలు నూరి వేశారు. గసగసాలు తింటే మూత్రంలో మార్ఫిన్, కోడీన్ అనే మత్తుమందులు కనబడొచ్చు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణశాఖే తన సైనికులకి గసగసాలు మానండని హెచ్చరిక పంపింది. పెట్టెలో తెచ్చిన ద్రాక్షారిష్టం సీసా కూడా అంతే: అరిష్టాల్లో పులిసిన మద్యం ఉంటుంది, మద్యం కోసం చేసే ఈటీజీ అనే మూత్ర పరీక్ష రెండు మూడు రోజుల కిందటి చుక్కని కూడా పట్టేస్తుంది. ఆ కూర ఆ పూటకి మేం తిన్నాం (చాలా బాగుంది). అప్పటి నుంచి కొత్తగా వచ్చే ప్రతి ఇంటికీ తెలుగులో ఒక కాగితం ఇస్తున్నాం: గసగసాలు, అరిష్టాలు, దగ్గు మందులు, హోమియో చుక్కలు వద్దు. ఈ సంవత్సరం మనం చేసిన అతి చిన్న పని అదే. అతి పనికొచ్చింది కూడా అదే.

గ్రాడ్యుయేషన్ రోజు జడ్జి గారు బెంచి దిగి వచ్చి, చెయ్యి కలిపి, నాణెం చేతిలో పెట్టారు. కేసు కొట్టేసిన కాగితం చదివారు. అమ్మగారు నా చెయ్యి గిల్లి, "ఆయనకి దండం పెట్టొచ్చా బాబూ, ఏమైనా అనుకుంటారా?" అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే పెట్టేశారు. జడ్జి గారు కూడా చేతులు జోడించారు.

రెండో అబ్బాయి విషయం ఇంకా నడుస్తోంది. అతనిది మత్తుమందు దగ్గర పెట్టుకున్న కేసు. కొన్నిచోట్ల ఈ కోర్టులో చేరాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి. తర్వాత రాష్ట్రం కేసు కొట్టేసినా, ఇమిగ్రేషన్ చట్టానికి ఆ ఒప్పుకోలు నేరం రుజువైనట్టే లెక్క. 2010లో అమెరికా సుప్రీంకోర్టు ఎవరి కేసులో తీర్పిచ్చిందో ఆ హోసే పాడిల్లా కూడా వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో చేసినవాడే, నలభై ఏళ్ళకి పైగా గ్రీన్‌కార్డు మీద ఉన్నవాడే. ఏం ఫర్వాలేదన్న లాయరు మాట నమ్మి గంజాయి కేసులో ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే పరిస్థితి వచ్చింది. మన సభ్యురాలైన ఇమిగ్రేషన్ లాయరు గారు ఫీజు తీసుకోకుండా మూడు వారాలు తిరిగి, ఒప్పుకోలు లేకుండా చేరే దారి చూపించారు. ఆవిడకి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

ఇక మెంటర్లు, అంటే కేసులో ఉన్నవాళ్ళకి తోడుగా నిలిచే మాజీ సైనికులు. 2008 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జడ్జి రాబర్ట్ రసెల్ ఇలాంటి కోర్టు పెట్టడానికి మూలం వరండాలో జరిగిన ఒక సంభాషణే. తల వంచుకుని పలకని వియత్నాం సైనికుణ్ణి, అదే యుద్ధం చూసిన ఇద్దరు సిబ్బందితో బయటికి పంపితే, తిరిగొచ్చి నిటారుగా నిలబడ్డాడు. మన కోర్టులో మెంటర్ అంటే అమెరికా సైన్యంలో చేసినవాళ్ళే కావాలి. మనలో అలాంటివాళ్ళు ఇద్దరే. వాళ్ళ బ్యాక్‌గ్రౌండ్ చెక్ కాగితాలు ఒక ఆఫీసులో ఐదు నెలలు పడుకున్నాయి. తొమ్మిది ఈమెయిళ్ళు పెట్టాను, ఒక్కదానికి జవాబొచ్చింది, అదీ 'సెలవులో ఉన్నాం' అని. ఈలోగా సైనికుల ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరం నుంచి కూతురి దగ్గరికి వచ్చిన సుబేదారు గారు, మెంటర్ కాకపోయినా, వరండాలో కోర్టుకి వచ్చిన మన అబ్బాయి పక్కన కూర్చుని వచ్చేవారు. ఏం మాట్లాడుకునేవాళ్ళో మేం అడగలేదు.

కౌన్సెలింగ్ గదులు వెతికిపెట్టిన వీఏ (మాజీ సైనికుల సంక్షేమ శాఖ) సిబ్బందికి, శనివారాలు వంట చేసిన అక్కయ్యలకి, ప్రింటింగ్ ఉచితంగా చేసిన సోదరుడికి, కోర్టు గుమాస్తాలకి, కుర్చీలిచ్చిన గుడి కమిటీకి ధన్యవాదాలు.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, ఆడిటర్ గారు చూశారు. పెట్రోలుకి అనుకున్నదానికన్నా ఎక్కువైంది. లైసెన్సు సస్పెండైనవాణ్ణి బస్సుల్లేని ఊళ్ళో కోర్టుకి, ఆసుపత్రికి, పరీక్షకి తిప్పితే అవుతుంది.

ఉగాదికి 22 మంది వాలంటీర్లుగా పేర్లిచ్చారు, టీషర్టులు కూడా తీసుకున్నారు. శిక్షణకి ఐదుగురు వచ్చారు. మంగళవారం ఉదయం కోర్టుకి కారు తీసినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకణ్ణి నేను. మిగతావారు టీషర్టులైనా తిరిగిస్తే కొత్తవాళ్ళకి ఇస్తాం.

వచ్చే నెల మొదటి, మూడో మంగళవారాలు పొద్దున ఏడున్నరకి బయల్దేరే కారుకి ఇంకా డ్రైవరు లేరు.

భవదీయుడు,
కార్యదర్శి