పెద్దల మాటలు, ఫొటోలు, పుస్తకం: జమా ఖర్చుల వివరణ
(2024 ఉగాది నుంచి 2026 జనవరి నెలాఖరు వరకు)

ఊళ్లో ఉన్నవారికీ, విశాఖ, గాజువాక, హైదరాబాద్ వైపు బతుకుతెరువుకు వెళ్లిన మన వాళ్లకీ కమిటీ నమస్కారాలు.

పద్మనాభం మండలంలో గోస్తనీ పక్కనున్న మన ఊళ్లో డెబ్బై దాటిన పెద్దల మాటలు వాళ్ల గొంతులోనే దాచాలని, ఇళ్లల్లో పాడైపోతున్న పాత ఫొటోలను కాపాడాలని మీరందరూ చందాలిచ్చారు. ఆ డబ్బు దేనికి ఎంతైందో, ఎందుకైందో చెప్పే లెక్క ఇది. రసీదులు 1 నుంచి 123 వరకు ఉన్నాయి. కమిటీలో లేని ఇద్దరు ఊరివాళ్లు బిల్లులన్నీ చూసి సంతకాలు పెట్టారు. ఆ ఫైలు పంచాయతీ ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడవచ్చు.

జమ

ఊళ్లో 84 ఇళ్ల చందా: రూ. 38,700
పై ఊళ్లలో ఉన్న 31 మంది పంపినది: రూ. 77,500
డ్వాక్రా సంఘాలు ఏడు, సంఘానికి వెయ్యి చొప్పున: రూ. 7,000
యువజన సంఘం, వినాయక చవితి మిగులు నుంచి: రూ. 6,000
పుస్తకం తీసుకుని ఇచ్చిన విరాళాలు, 43 మంది, 150 చొప్పున: రూ. 6,450
బ్యాంకు వడ్డీ: రూ. 412
మొత్తం జమ: రూ. 1,36,062

ఖర్చు

రికార్డింగు సామాను: రూ. 15,650
హార్డ్ డిస్కులు రెండు: రూ. 9,800
పెన్‌డ్రైవ్‌లు 46, ఒక్కోటి 290: రూ. 13,340
స్కానర్: రూ. 6,350
ఫొటోగ్రాఫర్, రెండు రోజులు: రూ. 6,000
పెద్దల ఫొటో ప్రింట్లు, ఫ్రేములు 48, ఒక్కోటి 180: రూ. 8,640
విని రాసినందుకు కూలి, 71 గంటల రికార్డింగు, గంటకు 400: రూ. 28,400
డీటీపీ 176 పేజీలు, పేజీకి 30: రూ. 5,280
అచ్చు, బైండింగు 200 ప్రతులు, ప్రతికి 148: రూ. 29,600
రిజిస్టర్లు, సమ్మతి పత్రాల జిరాక్సులు: రూ. 1,140
బస్సు, ఆటో చార్జీలు: రూ. 1,870
కనుమ నాటి సభ: రూ. 4,600
మొత్తం ఖర్చు: రూ. 1,30,670

నిల్వ రూ. 5,392. ఇందులో బ్యాంకులో 4,892, చేతిలో 500.

ముందు మనుషుల లెక్క. ఓటరు జాబితా, పింఛన్ల జాబితా పక్కపక్కన పెట్టుకుని చూస్తే డెబ్బై దాటినవారు 61 మంది తేలారు. 48 మంది మాట్లాడారు. ఐదుగురికి వినికిడో మాటో పూర్తిగా పోయింది, వాళ్ల సంగతులు ఇంట్లోవాళ్లు చెప్పారు. ఐదుగురు వద్దన్నారు, వాళ్లను మళ్లీ అడగలేదు. వీధుల వరుసన కాకుండా వయసును, ఒంట్లో ఓపికను బట్టి వరుస పెట్టుకున్నాం. అయినా ముగ్గురు తమ వంతు రాకముందే వెళ్లిపోయారు. పుస్తకంలో వాళ్లకీ పేజీలున్నాయి, కానీ ఆ గొంతులు మన దగ్గర లేవు.

ఇక వయసు సంగతి. ఆధార్ కార్డుల్లో చాలామందికి పుట్టిన రోజు జనవరి 1. అది రాయించడానికి వేసిన తేదీ మాత్రమే. అందుకని ఏ సంవత్సరమని అడగకుండా గుర్తుల మీద అడిగాం. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు వచ్చినప్పుడు మీరెంత ఉండేవారు? 1957లో నయాపైసలు వచ్చేసరికి పెళ్లయిందా? తాటిపూడి ఆనకట్ట కట్టక ముందా, తర్వాతా? 1966 ఉక్కు ఉద్యమం నాటికి పెద్దబ్బాయి నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా? ఇలాంటివి రెండు మూడు గుర్తులు కలిస్తే వయసు ఒకటి రెండేళ్ల తేడాలో తేలుతుంది. ఆధార్‌లో 72 ఉన్న ఒక మామ్మకు ఈ లెక్కన ఎనభై దాటాయి. పుస్తకంలో రెండు వయసులూ వేశాం.

రికార్డింగు సామానులో రికార్డరు 9,800, బట్టలకు తగిలించే చిన్న మైకులు రెండు 2,600, ఇయర్‌ఫోన్లు 900, మెమరీ కార్డులు రెండు 900, చార్జింగు బ్యాటరీలు, చార్జరు కలిపి 1,450. ఫోన్లో తీస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. మధ్యలో కాల్ వస్తే ఫోన్ రికార్డింగు ఆగిపోవచ్చు, జాగా చాలకపోతే చివర తెగిపోవచ్చు. తొంభై ఏళ్ల మనిషిని ఇంకోసారి అదే మాట చెప్పమనడం న్యాయం కాదు.

మైకు పెట్టడంలోనే ఎక్కువ ఇబ్బంది. పైటకు తగిలిస్తే బట్ట రాసుకునే చప్పుడు మాట మీద పడుతుంది. రవిక మెడ అంచుకు, గాజుల చేతికి దూరంగా ఉండే వైపు తగిలిస్తే బాగా వస్తుంది. తాతలు చాలామంది ఒంటి మీద చొక్కా వేసుకోరు, మైకు తగిలించడానికి చోటే ఉండదు. అలాంటప్పుడు ముందున్న స్టూలు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి, రికార్డరు దాని మీద మూరెడు దూరంలో ఉంచాలి. తువ్వాలు లేకుండా పెడితే స్టూలుకు కాలు తగిలినా, గ్లాసు పెట్టినా పిడుగులా వినిపిస్తుంది. ఫ్యాను, టీవీ ఆపాలి. కరెంటు పోయిన వేళే మంచి వేళ. బాగా వినపడే చెవి ఏదో ముందే కనుక్కుని ఆ వైపు కూర్చోవాలి. పొద్దున్న అంబలి తాగాక ఓ ముప్పావు గంట, అంతకు మించి లాగితే గొంతు అలిసిపోతుంది. మిగతాది ఇంకో రోజు.

"మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏటుంది నాయినా, కష్టపడ్డాం, బతికాం" దగ్గర ఆగిపోతుంది. చేతిలో వస్తువు పెడితే మాట కదులుతుంది. కుంచం పెట్టి ఏ పనికి ఎంత కూలి కొలిచేవారని అడిగితే కోతలకెంత, ఊడ్పులకెంత, ఏ ఇంట్లో నిండుగా కొలిచేవారు, ఏ ఇంట్లో బొటనవేలు లోపలికి పెట్టి కొలిచేవారు, అన్నీ వచ్చాయి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కూలి లెక్కలు కొత్త పిల్లలకు అర్థం కావాలని ఈ కొలతల పట్టిక పుస్తకం మొదట్లోనే వేశాం. ఏతం వేసేటప్పుడు పైన దూలం మీద ముందుకూ వెనక్కూ నడిచేవాడికి పాదం ఎక్కడ పడాలి, గోగు కట్టలు చెరువులో ఎన్ని రోజులు నానితే నార విడుస్తుంది, ఎక్కువ నానితే ఎందుకు కుళ్లి తెగిపోతుంది, చిట్టివలస జూట్ మిల్లు కూలి ఇంటి ఖర్చుకు ఎలా సరిపెట్టేవారు, రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లిన నాన్న దగ్గర నుంచి ఉత్తరం వస్తే ఎవరి చేత చదివించేవారు, ఇవన్నీ అలా వచ్చిన సంగతులే. ఇంగ్లీషు కంపెనీతో పద్మనాభ యుద్ధం 1794 జూలై 10న జరిగిందని పుస్తకాల్లో ఉంది, విజయనగరం రాజు చినవిజయరామరాజు పేరూ ఉంది. ఆ పద్మనాభం కొండ చుట్టూ మడులు తడిపినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. అవి రాసి ఉంచడానికే ఈ డబ్బు.

ఆడవాళ్ల మాటలు ఆడపిల్లలే, విడిగా కూర్చుని తీశారు. భర్త పక్కనుంటే జవాబు ఆయనే చెప్పేస్తాడు. కోడలుంటే అత్తగారు సగం మింగేస్తుంది. విడిగా చెప్పిన వాటిలో అప్పులు, తగవులు, పోయిన బిడ్డలు ఉన్నాయి. ప్రతి ఒక్కరి దగ్గరా సమ్మతి పత్రం చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకున్నాం. "ఇది నా తర్వాతే" అన్న మాటలు పుస్తకంలోకి రాలేదు. వేరే ఫోల్డరులో ఉన్నాయి, పత్రం మీద ఆ సంగతి రాసి ఉంది.

రాత కూలి 28,400 ఎక్కువైందన్నవారికి జవాబు: ఒక గంట మాట విని, ఆపి, వెనక్కి తిప్పి, అక్షరంలో పెట్టడానికి ఆరేడు గంటలు పడుతుంది. పళ్లు లేని నోట మాట అయితే ఇంకా ఎక్కువ. మన ఊరి ఇద్దరు డిగ్రీ ఆడపిల్లలు ఈ పని చేశారు. గంట రికార్డింగుకు 400 అంటే వాళ్ల శ్రమకు తక్కువే. పెద్దలు ఎలా మాట్లాడితే అలాగే రాయమన్నాం. మా అమ్మ మాట దిద్ది వేయండి, నలుగురూ చదువుతారు అని కొందరు కొడుకులు అడిగారు. వాళ్ల బాధ అర్థమైంది. అయితే ఆ నిర్ణయం మాట్లాడినవారిదే అనుకుని, రాసినది వాళ్లకే చదివి వినిపించాం. ఒక్కరు తప్ప అందరూ అలాగే ఉంచమన్నారు. ఆ ఒక్కరిదీ వారు కోరినట్టే దిద్దాం.

సన్మానం చేసి శాలువాలు కప్పవచ్చు కదా అన్న మాట కూడా వచ్చింది. శాలువా 250 వేసుకున్నా 48 మందికి 12,000. ఆ డబ్బుతో ముప్పై గంటల మాట అక్షరంలోకి వచ్చింది. ఫ్లెక్సీలు వేయలేదు. కనుమ నాటి సభ ఖర్చు టెంటు, కుర్చీలు, మైకు, పులిహోర, మజ్జిగ వరకే.

ఫొటోలు. హుద్‌హుద్ తుఫాను, 2014 అక్టోబర్ 12. ఆ రోజు రేకులు లేచిపోయిన ఇళ్లల్లో గోడ మీది పెళ్లి ఫొటోలు తడిసి, ఆరి, అద్దానికి అంటుకుపోయాయి. వాటిని పీకితే మొహాలు అద్దంతో పాటు ఊడి వచ్చేస్తాయి. నీళ్లలో నానబెట్టినా ప్రమాదమే. అలాంటివి 19 వచ్చాయి. మనం కొన్నలాంటి చవక స్కానరు తన గాజుకు ఆనుకున్న దాన్నే స్పష్టంగా చూపిస్తుంది, మధ్యలో ఫ్రేము అద్దం అడ్డొస్తే మసక. కాబట్టి ఆ 19 ఫొటోగ్రాఫర్ చేత తీయించాం. నీడ వసారాలో ఫ్రేమును గోడకు ఆనించి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని, అద్దంలో ప్రతిబింబం రాకుండా కెమెరా వెనక నల్ల దుప్పటి కట్టి తీశారు. కొత్తగా పెద్దల ఫొటోలు తీసినదీ ఆ రెండు రోజుల్లోనే.

మిగిలిన 312 ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేశాం. స్టూడియోలో ఒక్కోటి 20 చొప్పున 6,240 అయ్యేది, స్కానరుకు 6,350 అయింది. నూటపది రూపాయల తేడాతో స్కానరు ఊరికి మిగిలింది. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటోను ఊరు దాటించడానికి ఎవరూ ఇష్టపడరు. యజమాని చూస్తుండగా స్కాన్ చేసి అక్కడికక్కడే ఇచ్చేశాం. వెనక రాసి ఉన్న తేదీలు, స్టూడియో ముద్రలు కూడా స్కాన్ చేశాం. ఫొటోలో ఎవరెవరో ఎడమ నుంచి కుడికి రిజిస్టరులో రాశాం. పేర్లు చెప్పగలిగినవాళ్లు పోయాక ఎంత మంచి ఫొటో అయినా ఎవరిదో తెలియని ఫొటోయే.

దాచడం గురించి. మాటలు నాణ్యత తగ్గించకుండా దాచే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైళ్లుగా ఉన్నాయి. గంటకు సుమారు 518 ఎంబీ, మొత్తం 37 జీబీ లోపు. పోస్టుకార్డు సైజు ఫొటో ఒక్కోటి 26 ఎంబీ వరకు వస్తుంది. ఒక టీబీ డిస్కులో ముందు ముందు తీసేవాటికీ బోలెడు జాగా ఉంది. రెండు డిస్కులు ఎందుకంటే ఒకటి ఊళ్లో బడి బీరువాలో, ఇంకోటి విశాఖలో కమిటీ సభ్యుల ఇంట్లో. తుఫానొచ్చినా దొంగలు పడ్డా రెండూ ఒకేసారి పోవు. ఏటా ఉగాదికి రెండూ తెరిచి చూడాలి. ఆడించకుండా వదిలేసిన డిస్కు అవసరమైన రోజున తెరుచుకోకపోవచ్చు.

ఇంటింటికీ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆ ఇంటి పెద్దల మాటలు, ఫొటోలు మాత్రమే ఉన్నాయి. 48 మందిలో ఏడు జంటలు ఒకే ఇంట ఉన్నందున 41 ఇళ్లు, మాట పోయినవారివి ఐదు, మొత్తం 46. టీవీకి, స్పీకరుకు పెట్టి వినడానికి ఎంపీ3 కూడా వేశాం. పెన్‌డ్రైవ్ ఏళ్ల తరబడి డ్రాయరులో పడి ఉంటే అందులోవి చెరిగిపోయే ప్రమాదం ఉంది, కంప్యూటరు ఉన్న పిల్లలు ఇప్పుడే కాపీ చేసుకోండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి పెద్ద ప్రింటుకు పనికిరావు.

అచ్చు ఆలస్యం ఎందుకైందని అడిగారు. మన పిల్లలు టైపు చేసింది ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా కనిపించే యూనికోడ్ తెలుగులో, ప్రెస్సు వాడేది వేరే పద్ధతిలో ఉండే 'అను' అనే ఫాంట్లు. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు జారిపోతాయి. మన పెద్దల మాటల్లో నిఘంటువుకెక్కని పదాలు చాలా ఉన్నాయి కాబట్టి ఏది తప్పో ప్రెస్సువారికి తెలియదు. ప్రూఫులు రికార్డింగు వింటూ దిద్దాల్సి వచ్చింది. పేజీలు 176 కావడానికి కారణం, అచ్చు 16 పేజీల ఫారాల (ఒకేసారి అచ్చేసి మడిచే కాగితాల) లెక్కన పడుతుంది. 178 అయితే పన్నెండో ఫారం ఖర్చు మీద పడేది.

200 ప్రతుల్లో పెద్దల ఇళ్లకు 46, పై ఊళ్ల దాతలకు 31, బడికి, గ్రంథాలయాలకు, పంచాయతీకి కలిపి 12 ఉచితంగా ఇచ్చాం. విరాళం మీద 43 వెళ్లాయి. మిగిలిన 68 పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి. ఊళ్లో చందా ఇచ్చిన ఇళ్లలో ఇంకా తీసుకోనివారు 150 ఇచ్చి తీసుకోవచ్చు. ఇవ్వలేనివారు అడిగి ఊరికే తీసుకెళ్లండి.

నిల్వ 5,392 కొత్తగా డెబ్బై నిండినవారి రికార్డింగుకు, రాత కూలికి వాడతాం. గంటకు 400 లెక్కన పదమూడు గంటలకు వస్తుంది. అందాకా కొత్తగా చందా వసూలు చేయడం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేదనిపిస్తే వరుస కోసం చూడకుండా కబురు చేయండి. రికార్డరు, మైకులు బడి బీరువాలోనే చార్జింగుతో ఉన్నాయి.

పెద్దల జ్ఞాపకాల కమిటీ