బండి దొరికింది, సాయం చేసిన వాళ్ళందరికీ పేరు పేరునా థాంక్స్

మా ఇంటి ముందు ఇప్పుడు నీలం రంగు మారుతి బెలీనో ఆర్‌ఎస్ కారు ఉంది. 2017 బండి, ఏపీ 26 నంబరు. ఆర్సీ నా పేరు మీదకి మారేదాకా నోరు విప్పకూడదని ఇన్నాళ్ళూ ఆగాను. మారింది. ఇక థాంక్స్ చెప్పే పనే మిగిలింది. పేరు పేరునా అన్నానే గానీ, పేర్లు రాస్తే ఇబ్బందిపడే మనుషులున్నారు. అందుకని వరసలతోనే రాస్తున్నా, ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది.

నేను అందరినీ అడిగింది ఒకటే. ఆరు లక్షల లోపు సెకండ్ హ్యాండ్ బండి కావాలి, తొక్కితే ఒళ్ళు ఝల్లుమనాలి, నాలుగేళ్ళు వాడుకుని అమ్మితే మరీ నష్టపోకూడదు. విన్నవాళ్ళలో కొందరు నవ్వారు. "డీజిల్ స్విఫ్ట్ తీసుకో సామీ, కళ్ళు మూసుకుని అమ్ముకోవచ్చు" అని మిగతావాళ్ళు.

మొదటి దండం మా కావలి ట్రంక్ రోడ్డు మెకానిక్ అన్నకి. నేను మోడళ్ళ పేర్లు చదువుతుంటే ఆపి, "నువ్వేం కొంటావో తర్వాత చూద్దాం, నాలుగేళ్ళకి నీ దగ్గర ఎవరు కొంటారో అది చెప్పు ముందు" అన్నాడు. ఆ మాటతో నా జాబితా సగానికి సగం తెగిపోయింది.

ఆయన లెక్క ఇది. ఇన్సూరెన్స్ వాళ్ళు బండి విలువ కట్టే పట్టికలో మొదటి ఏడాదికే 15 శాతం తీసేస్తారు, ఐదో ఏడు వచ్చేసరికి సగం పోతుంది. ఐదేళ్ళు దాటాక పట్టిక లేదు, ఇద్దరూ మాట్లాడుకున్నదే విలువ. కాబట్టి ఆ మొదటి సగం వేరేవాళ్ళు పోగొట్టుకున్న బండే మనం కొనాలి. ఆ తర్వాత ధర నిలబడాలంటే మూడు ఉండాలి. అలాంటి బండ్లు తక్కువగా ఉండాలి, కంపెనీ ఆపేసి ఉంటే ఇంకా మంచిది. కానీ లోపలి ఇంజను మాత్రం ఇంకో బండిలో ఇవాళ్టికీ అమ్ముడుపోతూ ఉండాలి, లేకపోతే విడి సామాను దొరకదు. మూడోది, ఎవరూ చెయ్యి పెట్టని ఒరిజినల్ బండై ఉండాలి.

ఈ లెక్కలో మొదట పడిపోయింది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫియట్ వాళ్ళ అబార్త్ పుంటో. 2015లో పది లక్షల లోపు ధరకి 145 హార్స్‌పవర్ ఇచ్చిన బండి అది. ఇప్పటికీ ఎక్కడన్నా కనిపిస్తే తల తిప్పి చూస్తా. ఫియట్ వాళ్ళ 1.3 డీజిల్ ఇంజను మారుతి బండ్లలో కూడా వచ్చింది కాబట్టి దాని సామాను ఇప్పటికీ సందు సందునా దొరుకుతుంది. అబార్త్‌లో ఉన్న 1.4 టీ-జెట్ పెట్రోలుకి ఆ భాగ్యం లేదు. "కొను, వద్దనను. పార్టు కోసం వెతుక్కుంటా బండి షెడ్డులో కూర్చుంటే నన్ను తిట్టుకోవద్దు" అన్నాడు అన్న. కోయంబత్తూరు జయం వాళ్ళతో కలిసి టాటా చేసిన టియాగో జేటీపీ కూడా మంచి సరదా బండే, 114 హార్స్‌పవర్. మనకి దగ్గర్లో సరైనది ఒక్కటీ రాలేదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ బడ్జెట్టుకి అందలేదు, అంతే.

రెండో దండం ఒంగోలు తమ్ముడికి. ఫోక్స్‌వ్యాగన్ పోలో వాడుతున్నాడు, 1.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు. సొంత బండి తాళాలు చేతిలో పెట్టి "టంగుటూరు దాకా పోయి రా అన్నా" అనేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. అబద్ధమెందుకు, ఆ బండి బ్రహ్మాండంగా ఉంది. 110 హార్స్‌పవర్, ఆరు గేర్లు, హైవే మీద రోడ్డుని పట్టుకుని పోతుంది. ఇంజను సంగతికొస్తే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, టైగన్, స్కోడా కుషాక్, స్లావియా అన్నిటిలో వచ్చేది ఆ కుటుంబం ఇంజనే, కాబట్టి సామాను భయం కూడా లేదు. చిక్కల్లా ఏంటంటే, పోలో 2022లో ఆగిపోయింది, మంచి బండని అందరికీ తెలుసు. అమ్మేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ఆ పేరు ధరలో ముందే కలిసిపోయింది. పాత 1.2 జీటీ టీఎస్‌ఐ కాస్త అందుబాటులో ఉంది గానీ, అందులో ఉన్నది డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు, అదీ ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌తో. మన రోహిణి కార్తె ఎండల్లో, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోతే ఆ గేర్‌బాక్సు వేడెక్కుతుంది. గేర్లు మార్చే మెకాట్రానిక్ యూనిట్ గానీ పోయిందా, బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఇదంతా నాకు చెప్పింది పోలో వాడే మనిషే. తను వాడే కంపెనీ బండి గురించి ఇంత నిజాయితీగా చెప్పినందుకు తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్.

బెలీనో ఆర్‌ఎస్ పేరు ఎత్తింది కూడా అతనే. 2017 మార్చిలో 8.69 లక్షల ఢిల్లీ షోరూం ధరకి వచ్చింది, బీఎస్6 పొగ నిబంధనలు రావడంతో 2020 మొదట్లో పోయింది. మామూలు బెలీనోకీ దీనికీ పైకి పెద్ద తేడా కనిపించదు, బంపర్లు, జాలీ గ్రిల్లు తప్ప. అందుకే కొత్తలో జనం అంత డబ్బు పెట్టలేదు. లోపల మాత్రం 1.0 బూస్టర్‌జెట్ టర్బో, 102 హార్స్‌పవర్, 150 ఎన్‌ఎమ్ టార్కు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు. బరువు 950 కిలోలే. ఒక మనిషి ఎక్కితే ఎగిరిపోయేంత తేలిక. అదే బూస్టర్‌జెట్‌ని మారుతి 2023లో ఫ్రాంక్స్‌లో మళ్ళీ తెచ్చింది. అన్న లెక్కలో రెండో షరతు ఇక్కడ తీరిపోయింది. మిగతా సామాను చాలావరకు మామూలు బెలీనోదే, అది ప్రతి ఊళ్ళోనూ ఉంది. బంపర్లూ గ్రిల్లూ మాత్రం ఈ బండికే సొంతం, అవి పగలకుండా చూసుకోవాలి.

ఇక చెన్నైలో ఉన్న మా పిన్ని కొడుకు. వాడికి నేను జన్మంతా రుణపడి ఉండాలి. మన వైపుకి చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్ బండ్లు బాగా వస్తాయి, ధర కూడా కాస్త తక్కువగా కనిపిస్తుంది. ఒక డీలర్ దగ్గర ఎర్ర ఆర్‌ఎస్ ఉందంటే చూసి రమ్మన్నాను. వాడు ఫోటోలు తీసి పంపి ఊరుకోలేదు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూశాడు, మామూలుగా బయటికి రాని ఆ చివర బురద గీత. స్టెప్నీ తీస్తే కింద గుంటలో సన్నటి ఒండ్రు. సీట్ల కింది పట్టాలకీ బోల్టులకీ తుప్పు. అడిగితే "సార్, వాటర్ వాష్ చేయించాం" అన్నాడట ఆ డీలరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చెన్నైని ఎలా ముంచిందో తెలిసిందే. 2015 డిసెంబరులో అంతకంటే ఎక్కువ మునిగింది. మనం మాత్రం తక్కువ తిన్నామా, 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు, కోవూరు వైపు ఎన్ని ఇళ్ళని ముంచింది! కాబట్టి మన ఊరి బండైనా సరే, బెల్టు లాగి చూడాల్సిందే. మునిగిన బండిలో ఇంజను బాగు చేయొచ్చు. వైర్ల కట్టల్లో, కంప్యూటర్లలో చేరిన తడి ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా తమిళనాడు బండైతే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టుకోవాలి. చౌక అనుకున్నదంతా అక్కడే కరిగిపోతుంది.

చివరికి దొరికిన బండి నెల్లూరులో ఒక లెక్చరర్ గారిది. ఆయనకి థాంక్స్ ఎలా చెప్పాలో నాకు ఇంకా తెలియడం లేదు. మేం అడక్కముందే "వెనక ఎడమ డోరుకి పెయింట్ వేయించానండీ, స్కూటరు గీరింది" అన్నారు. మొదటి సర్వీసు నుంచి మొన్నటి దాకా ప్రతి బిల్లూ ఒక ఫైల్లో వరసగా పెట్టి ఉంది. లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం, ఫారం 35 కూడా అందులోనే. ఇంత పెద్దమనిషిని పది వేలు తగ్గించమని అడిగితే, మళ్ళీ కాఫీ తెప్పించారు గానీ ఒక్క రూపాయి తగ్గలేదు. తగ్గకపోవడమే న్యాయం. ఆ ఫైలు రేపు నా దగ్గర కొనేవాడికి కూడా పనికొస్తుంది.

ఆ రోజు మెకానిక్ అన్న చేసిన పని మాత్రం వివరంగా రాయాలి, ఎవరికైనా ఉపయోగపడుతుంది. పొద్దున్నే వస్తాం, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే ఫోన్ చేయించాడు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే తాళం అడిగాడు. వేడి ఇంజను చాలా రోగాలు దాచేస్తుందట. స్టార్ట్ చేయించి వెనక నిలబడ్డాడు, నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. రాలేదు. టర్బో పైపుల చుట్టూ వేలు పెట్టి ఆయిల్ తడి ఉందేమో చూశాడు. డోరు రబ్బర్లు ఊడదీసి కింద కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా ఉన్నాయా, ఫెండర్ బోల్టుల మీద స్పానర్ గీతలు పడ్డాయా అని చూశాడు. నాలుగు టైర్ల మీదా తయారైన వారం, ఏడాది చదివాడు. స్కానర్ తగిలించి మీటరులోని కిలోమీటర్లని సర్వీసు బిల్లులతో పోల్చాడు. మాతో వచ్చిన మా నాన్న ఇదంతా చూసి, "ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు లెక్కపెట్టినట్టుందిరా" అన్నారు. పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు దాకా నడిపించి, క్లచ్ జారుతుందేమో, గట్టిగా బ్రేకు కొడితే బండి పక్కకి లాగుతుందేమో చూసి, అప్పుడు తల ఊపాడు.

ఇంకొకటి ఆయనే గుర్తు చేశాడు. 2023 ఏప్రిల్‌లో మారుతి 7,213 బెలీనో ఆర్‌ఎస్‌లని వెనక్కి పిలిచింది, బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని. 2016 అక్టోబరు నుంచి 2019 నవంబరు మొదటి దాకా తయారైనవి అన్నమాట. ఛాసిస్ నంబరు ఇస్తే ఆ పని అయిందో లేదో షోరూంలో చెప్తారు. దీనికి అయింది, బిల్లు ఫైల్లోనే ఉంది. బ్రేకుల సంగతి, ఎవరు ఈ బండి కొన్నా ఇది అడక్కుండా డబ్బు ఇవ్వొద్దు. బండ్లు ఎంత తక్కువ ఉన్నాయో కూడా ఆ అంకెతో తెలిసిపోయింది.

రీమ్యాప్ చేస్తే, అంటే ఇంజను కంప్యూటర్‌లో సెట్టింగులు మారిస్తే, ఇంకో ఇరవై హార్స్‌పవర్ వస్తుందని మా ఆఫీసు కుర్రాళ్ళు ఊరిస్తున్నారు. మీ ప్రేమకి థాంక్స్, చేయను. ఇలాంటి బండి కొనే మనిషి ముందు అడిగేదే "స్టాకేనా?" అని, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉందా అని.

ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే మా బావగారికి కూడా థాంక్స్ చెప్పాలి. పాత ఓనరు నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుందని, పాలసీ నా పేరు మీదకి 14 రోజుల్లో మార్పించుకోవాలని మొదటి రోజే చెప్పి దగ్గరుండి చేయించారు. పెట్రోలు విషయంలో కొందరు భయపెట్టారు, ఇది 20 శాతం ఇథనాల్ కోసం చేసిన బండి కాదు కదా అని. నిజమే. మైలేజీ కొంత తగ్గుతుంది, రబ్బరు పైపుల మీద కన్నేసి ఉంచాలి, నెలల తరబడి బండిని కదపకుండా వదిలేయకూడదు. వదిలేయడానికి కొనలేదులెండి.

ఆర్సీ 2032 దాకా ఉంది. కొనేవాడికి కొన్నేళ్ళు మిగిలేలా 2029 లోపే అమ్మేయమని అన్న సలహా. అప్పటికి మనసు ఒప్పుకుంటుందో లేదో చూడాలి.

మా ఆవిడకి థాంక్స్ చెప్పకపోతే ఇంట్లో ఉండలేను. హార్స్‌పవర్ లెక్కలన్నీ ఓపిగ్గా విని, వెనక సీట్లో కూర్చుని, డిక్కీ తెరిచి చూసి, "అత్తయ్య మోకాళ్ళు తగలడం లేదు, ఊరెళ్తే సామాన్లు పడతాయి, తీసుకోండి" అంది. 339 లీటర్ల డిక్కీ అని నేను చెప్తే వినే మనిషి కాదు, చూసి ఒప్పుకుంది.

ఒంగోలు తమ్ముడూ, ఆదివారం దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుదాం అన్నావుగా, వస్తున్నా. రాత్రయితే అడవిలో గేట్లు వేసేస్తారు, పొద్దున్నే బయలుదేరాలి. నీ పోలో తెచ్చుకో. టీ, టిఫిన్ ఖర్చు నాది. పెట్రోలు ఎవరిది వాళ్ళే పోయించుకుందాం.