సాక్సోఫోన్ విన్న సాయంత్రం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లి, పాతికేళ్లు కూడా దాటని ఒక యువ జాజ్ కళాకారుడి సాక్సోఫోన్ కచేరీ విన్నాను. 1846లో అడాల్ఫ్ సాక్స్ పేటెంట్ పొందిన ఆ వాద్యం మనకు కొత్తదేమీ కాదు, కద్రి గోపాల్‌నాథ్ దానిపై కర్ణాటక సంగీతం పలికించగా విన్నవాళ్లమే. పెళ్లి బ్యాండ్లలోనూ చూశాం.

అయితే అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నల్లజాతి కళాకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న జాజ్‌లో, ఒక చిన్న పల్లవిని పట్టుకుని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే తీరు మన కర్ణాటక సంగీతంలోని కల్పనాస్వరాలకు ఎంత దగ్గరో ఆ రాత్రే తెలిసింది. మధ్యలో మైకు మొరాయించగా అతడు వేదిక దిగి, బుగ్గలు పూరించి, చెమటతో తడిసిన చొక్కాతోనే వరుసల మధ్య నడుస్తూ వాయించాడు. డ్రమ్ముల కుర్రాడు దరువు మార్చినప్పుడల్లా నవ్వి, వెంటనే బదులిచ్చాడు. నా పక్కనున్న పెద్దాయన తొడ మీద తాళం వేయబోయి, లెక్క తప్పి, మానుకున్నారు.

పన్నెండు మెట్ల కిన్నెర పలికిన ఈ పాలమూరులోనూ ఇటువంటి కచేరీలు జరిగేలా జిల్లా సాంస్కృతిక అధికారులు చొరవ చూపాలని, ముందుగా మైకులు సరిచూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్