గంటకు ఎన్ని కిలోలన్నది సగం మాటే

సంపాదకులకు,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం నడిచే రోజుల్లోనూ, అది ముగిసి బోట్లు ఫిషింగ్ హార్బర్ దాటే రోజుల్లోనూ విశాఖ ఎడిషన్లలో ఒక తరహా వార్త కనిపిస్తూ ఉంటుంది. సర్వే నౌకకు గంటకు ఇన్ని కిలోల చేప పడిందనీ, కిందటేడాదికీ దీనికీ ఇంత తేడా అనీ, కాబట్టి సముద్రం ఖాళీ అయిపోయిందనో నిండుగా ఉందనో. ఆ అంకె తప్పని మేము అనడం లేదు. దాని వెంట రావలసిన వివరం రాకుండా అంకె ఒక్కటే అచ్చయితే దాన్ని పట్టుకుని ఎవరూ ఏదీ తేల్చలేరు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఒడ్డుకు దిగిన చేపను లెక్కగట్టేది సీఎంఎఫ్ఆర్ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం పాండురంగాపురంలో ఉంది. నీళ్లలో ఉన్న చేపను అంచనా కట్టేది ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా. 1946లో బొంబాయిలో డీప్ సీ ఫిషింగ్ స్టేషన్‌గా మొదలై, 1983లో ఈ పేరు పెట్టుకున్న సంస్థ అది. దాని విశాఖ కేంద్రం నుంచి తిరిగిన ‘మత్స్య షికారి’ పేరు హార్బర్‌లో చాలామందికి తెలుసు. ఈ రెండు లెక్కలూ వేరు. డీజిల్ ధర పెరిగి సగం బోట్లు జెట్టీకే కట్టేసి ఉంటే మొదటి లెక్క పడిపోతుంది, నీళ్లలో చేప మాత్రం తగ్గదు. వార్తల్లో ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోవడం తరచూ చూస్తున్నాం.

ఇక సర్వే అంకె ఎలా పుడుతుందో చూద్దాం. సముద్రపు నేల మీద లాగే ట్రాల్ వల పై తాడు 34 మీటర్లనుకోండి. నీళ్లలో వల నోరు అంత వెడల్పున తెరుచుకోదు. అందులో సగం, అంటే 17 మీటర్లు తెరుచుకుంటుందని లెక్క వేసుకోవడం వాడుక. 3 నాట్ల (గంటకు మూడు సముద్రపు మైళ్ల) వేగంతో గంటసేపు లాగితే నౌక 5,556 మీటర్లు పోతుంది. రెండూ గుణిస్తే వల ఊడ్చిన నేల 0.094 చదరపు కిలోమీటర్లు. ఆ గంటలో 47 కిలోలు పడితే చదరపు కిలోమీటరుకు దాదాపు 500 కిలోలన్నమాట. అదైనా వల దారిలో ఉన్న చేపంతా పడిందనుకుంటేనే. సగం తప్పించుకుందని అనుకుంటే అదే 47 కిలోలు 1,000 అవుతుంది. రెండు ఊహలూ వాడుకలో ఉన్నవే. ఒక ఏడు ఒకటి, మరో ఏడు మరొకటి వాడితే సముద్రంలో ఒక్క చేప కూడా పెరగకుండానే నిల్వ రెట్టింపయినట్టు కాగితం మీద కనిపిస్తుంది.

వల నోరు నిజంగా 17 మీటర్లు తెరుచుకుందా అన్నది ఇంకో ప్రశ్న. వల రెక్కలకు సెన్సర్లు కట్టి ఉంటే తెలుస్తుంది. లేకపోతే వల నోటిని రెండు పక్కలకూ లాగి తెరిచి ఉంచే బోర్డులనే అడగాలి. ప్రతి బోర్డు అడుగున ఇనుప పట్టీ ఉంటుంది, నేలను రాసుకుంటూ పోయి అది అద్దంలా మెరుస్తుంది. పొడవునా ఒకే తీరున మెరిస్తే బోర్డు నిలువుగా నడిచినట్టు. వెనక కొన ఒక్కటే మెరిసి ముందు కొన తుప్పు పట్టి ఉంటే బోర్డు ముక్కెత్తి నడిచింది, వల సరిగ్గా తెరుచుకోలేదు. వలను లాగడానికి నౌక నుంచి వదిలిన వైరు లోతుకు సరిపోకపోయినా అదే గతి. 50 మీటర్ల లోతులో 200 మీటర్ల వరకూ వైరు వదలాలి. లోతు పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి నాలుగు రెట్ల నుంచి మూడు రెట్ల వైపు దిగుతుంది. నోరు 17కు బదులు 14 మీటర్లే తెరుచుకుంటే ఊడ్చిన నేలలో ఆరో వంతుకు పైగా తగ్గినట్టే. గంట ఎప్పటి నుంచి లెక్కపెట్టారన్నది కూడా ఇలాంటిదే. వల నీళ్లలో పడిన క్షణం నుంచి కాదు, అది నేలకు ఆని, వైరు వదిలే వించికి బ్రేకు వేసిన క్షణం నుంచి లెక్కించాలి.

మన తీరానికి మరో చిక్కు ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరప్రవాహం ఉత్తరానికి, అంటే భీమిలి వైపు పోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి తిరుగుతుంది. జీపీఎస్ మీద 3 నాట్లు కనిపిస్తున్నా, ఒక నాటు వేగమున్న ప్రవాహం వాలున పోతే వల మీద నీటి తాకిడి 2 నాట్లదే, ఎదురుగా పోతే 4 నాట్లది. తాకిడి తగ్గితే నోరు కుంచించుకుంటుంది. మరీ ఎక్కువైతే అడుగు తాడు నేల విడిచి లేస్తుంది, గులివిందలూ టేకులూ లాంటి నేల చేపలు దాని కిందుగా జారిపోతాయి. మార్చి సర్వేనూ నవంబర్ సర్వేనూ పక్కపక్కన పెట్టేవారు ఏ దిక్కుకు లాగారో కూడా రాయాలి.

పగలా రాత్రా అన్నది అంతకంటే ముఖ్యం. నేల దగ్గర తిరిగే చేపల్లో చాలా రకాలు చీకటి పడగానే పైకి లేస్తాయి, అందుకే నేల చేప సర్వే పగటి పూటే చేస్తారు. కానీ చాలా రకాల రొయ్య పగలంతా బురదలో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. పగటి సర్వేలో రొయ్య తక్కువ పడిందంటే దాని అర్థం అంతే. అది తరిగిపోయిందని కాదు.

వల పైకొచ్చాక డెక్కు మీద జరిగే పొరపాటు గురించి బయట ఎవరూ మాట్లాడరు. అసలు నష్టం చాలాసార్లు అక్కడే. వల చివర చేప చేరే తోక సంచి ముడి విప్పగానే 600 కిలోలు కుప్పగా పడ్డాయనుకుందాం. అంతా ఏరడం కుదరదు, నమూనా తీయాలి. నౌక ఊగుతుంటే చిన్న చేప సందుల్లోంచి కుప్ప అడుక్కి జారుతుంది, పెద్దది పైన మిగులుతుంది. పైనుంచి రెండు బుట్టలు నింపి అదే నమూనా అన్నామంటే చేప సైజు పెరిగిందని నివేదికలోకి ఎక్కుతుంది. పద్ధతి ప్రకారం ముందు సొర, టేకు, వంజరం లాంటి పెద్దవీ అరుదైనవీ చేత్తో ఏరి విడిగా తూచాలి. మిగతాది పారతో అడుగు నుంచి తిరగేసి బుట్టలకెత్తాలి. బుట్టలు వరసగా పేర్చి, ప్రతి పదో బుట్టనూ తీయాలని ముందే అనుకుని వాటినే తీయాలి. వాటిలో ఉన్నదంతా, వేలెడంత పిల్లతో సహా, రకం రకంగా విడదీసి తూచి పదితో గుణించాలి. ఊగే నౌకలో స్ప్రింగు తక్కెడ ముల్లు ఒక చోట నిలవదు. ఊపును సరిచేసుకునే త్రాసు లేకపోతే మూడు నాలుగు సార్లు తూచి సగటు తీయక తప్పదు. పొడవు కొలిచేటప్పుడు కానగర్తను తోక చీలిక దాకా కొలిచారా, తోక కొన దాకానా అన్నది రాసి ఉండాలి. ఒక ఏడు ఇలా, ఒక ఏడు అలా కొలిస్తే సెంటీమీటర్ల తేడా ఊరికే వచ్చి పడుతుంది.

గంటకు సగటు అన్న మాట మీదా ఒక అనుమానం. మూడు లాగుళ్లలో 400, 20, 15 కిలోలు పడితే సగటు 145. ఆ సముద్రంలో ఎక్కడా 145 పడలేదు! ఒక గుంపు మీద వల పడింది, రెండు చోట్ల పడలేదు. ఎన్ని లాగుళ్లు, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అని మూడు అంకెలు వేస్తే పాఠకుడికే అర్థమవుతుంది.

నీటి మధ్యలో తిరిగే కవళ్ళకూ కానగర్తలకూ నేల వల చాలదు, ధ్వని పంపి ప్రతిధ్వనితో చేపను పసిగట్టే ఎకో సౌండర్ కావాలి. బోటు మీద ఉండే ఫిష్ ఫైండర్‌కు పెద్దన్న లాంటిది. చేప కడుపులోని గాలితిత్తి నుంచే ప్రతిధ్వని ఎక్కువగా వస్తుంది. గాలితిత్తి లేని సొరా టేకూ ఈ లెక్కలో దాదాపు కనిపించవు. ఒక మిల్లీసెకను నిడివి గల ధ్వని పంపితే నేలకు ఆనుకున్న చివరి ముప్పావు మీటరులో చేప ఏదో నేల ఏదో విడదీయలేం. నేల వాలుగా ఉంటే ఆ గుడ్డి పొర ఇంకా మందమవుతుంది. యంత్రాన్ని ప్రతి సర్వేకు ముందు సరిచూడాలి. నిశ్చలమైన నీళ్లలో లంగరు వేసి, 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గుండును మూడు నైలాన్ దారాలతో నౌక కిందికి దింపి దాని ప్రతిధ్వని కొలుస్తారు. దించే ముందు గుండును సబ్బునీళ్లతో కడుగుతారు. కడగకపోతే దానికి గాలి బుడగలు అంటుకుని అంకె చెడిపోతుంది. ఒక్క డెసిబెల్ తప్పితే చేప బరువులో పాతిక శాతం తేడా వస్తుంది. వానల తర్వాత నదుల మంచినీరు బంగాళాఖాతం పైపొరగా పరుచుకుంటుంది, ధ్వని వేగం మారుతుంది. అందుకే ప్రతి చోటా ఉప్పదనం, ఉష్ణోగ్రత లోతు వెంట కొలిచి చూసుకోవాలి.

మా అసలు ఫిర్యాదు సముద్రపు నేల గురించి. రాయి ఉన్న చోట ట్రాల్ వేస్తే వల పొట్ట చిరుగుతుంది, బోర్డులు పోతాయి. కాబట్టి సర్వే నౌక అలాంటి చోటు వదిలేసి పక్కన బురదలో లాగుతుంది. అది తెలివైన పనే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ బురదలో వచ్చిన అంకెను, పటం మీద అక్షాంశ రేఖాంశాలతో గీసిన ఆ గడి మొత్తానికి గుణించేస్తే, రాతి గడ్డల చేప అసలు లేనట్టే అయిపోతుంది. రుషికొండ, భీమిలి వైపు రాళ్ల దగ్గర గేలం వేసి బతికేవాళ్లకు ఈ అంకె ఎందుకూ పనికిరాదు.

వల వేయలేని చోట చేయగల పని లేకపోలేదు. ఒకేసారి ఎన్నో ధ్వని కిరణాలు పంపే మల్టీబీమ్ ఎకో సౌండర్ నేల ఆకారంతో పాటు గట్టితనాన్నీ చూపిస్తుంది. గట్టి నేల బలంగా ధ్వనిస్తుంది, మెత్తటి బురద మింగేస్తుంది. అయితే గవ్వల పెంకుల గుట్ట కూడా రాయిలాగే ధ్వనిస్తుంది కాబట్టి కిందికి దింపి చూడక తప్పదు. అందుకు వాన్ వీన్ గ్రాబ్, పదో వంతు చదరపు మీటరు నేలను కొరికి తెచ్చే రెండు దవడల ఇనుప డొప్ప. చోటుకు మూడు సార్లు వేయాలి. దవడల మధ్య ఒక్క గవ్వ ఇరుక్కున్నా మట్టి దారిలోనే కారిపోతుంది, సగం ఖాళీగా వచ్చినదాన్ని పారేసి మళ్లీ వేయాలి. వచ్చిన మట్టిని అర మిల్లీమీటరు జల్లెడలో కడిగితే చేపకు తిండి అయ్యే పురుగూ పీతా నత్తా లెక్కకొస్తాయి. అసలు రాయి మీద గ్రాబ్ కూడా పనికిరాదు, కెమెరా దింపాలి. పది సెంటీమీటర్ల ఎడంలో రెండు లేజర్ చుక్కలు కొట్టే కెమెరా అయితే చేప పొడవు తెర మీదే కొలవచ్చు. వరద నీరు కలిసిన నెలల్లో మాత్రం దానికేమీ కనిపించదు.

కనుక సర్వే సంస్థలకు మా విన్నపం ఒక్కటే. ప్రతి గడికీ ఎన్ని చోట్ల వల వేయలేదో, ఎందుకు వేయలేదో పక్కనే రాయండి. చేపల పేర్లు హార్బర్‌లో పిలిచే పేర్లతో, లోతు మీటర్లతో పాటు బారల్లో ఇవ్వండి. ‘ఇతర చేపలు’ అన్న పద్దు వీలైనంత చిన్నది చేయండి. ఆ కాగితం జెట్టీ మీద ఐసు ఫ్యాక్టరీ గోడకు అంటించండి. మీ పత్రికకు విన్నపం ఇంకా చిన్నది. గంటకు కిలోలు అని వేసినప్పుడల్లా దాని కింద ఇలాంటి ఒక వరస చాలు: గడి 17-83, లోతు 50 మీటర్లు (27 బారలు), పగలు, 34 మీటర్ల వల, లాగుళ్లు ఆరు, కనిష్ఠం, గరిష్ఠం, రాయి ఉండి వదిలేసిన చోట్లు రెండు.

ఇట్లు,
సముద్ర సర్వే పని తెలిసిన కొందరు పాఠకులు,
పెదవాల్తేరు, విశాఖపట్నం