మాన్యువల్‌లో లేని పనులకు మా నాన్న దగ్గర డబ్బులెందుకు తీసుకున్నారు?

కస్టమర్ కేర్ వారికి,

విశాఖపట్నంలో ఉన్న మీ డీలర్ సర్వీస్ సెంటర్ మీద ఈ ఫిర్యాదు. ముందు వాళ్లనే అడిగాను. "మీ నాన్నగారే సంతకం పెట్టారు కదా మేడమ్" అన్నారు తప్ప ఇంకో మాట లేదు, అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

కారు కొని రెండేళ్లయింది, 20 వేల కిలోమీటర్ల సర్వీస్‌కి నాన్న తీసుకెళ్లారు. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, కంపెనీ యూనిఫాం వేసుకున్న మనిషి చెబితే నమ్ముతారు. ఆయిల్, ఫిల్టర్లు, చెకింగ్ అన్నీ కలిపి ఆరు వేలలోపు అయ్యే పనికి బిల్లు 13,900 దాటింది. ఇంజిన్ ఫ్లషింగ్ (లోపల మందు పోసి కడగడం), ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే భాగం) క్లీనింగ్, త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, కింద యాంటీ రస్ట్ కోటింగ్... పైగా వీటి మీద 18 శాతం జీఎస్టీ. మీ ఓనర్స్ మాన్యువల్ మొత్తం తిరగేశాను, మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో వీటిలో ఒక్కటీ లేదు.

బండి స్టార్టింగ్ ట్రబుల్ ఇవ్వలేదు, ఆగి ఉన్నప్పుడు వణకలేదు, మైలేజీ తగ్గలేదు, మరి ఇంజెక్టర్లు ఎందుకు కడిగినట్టు? ఏటా ఆయిల్ మార్పిస్తున్న ఇంజిన్‌కి ఫ్లషింగ్ దేనికి? నాన్న ఈ మాటే అడిగితే "చేయించకపోతే రేపు వారంటీ ప్రాబ్లం అవుతుంది సార్" అన్నాడట అక్కడి సర్వీస్ అడ్వైజర్. నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది ఇక్కడే. మీ వారంటీ బుక్‌లో అలాంటి షరతు లేదు, ఆ మాట కాగితం మీద రాసిమ్మని నేను అడిగితే ఎవరూ రాసివ్వలేదు. పెద్దాయన్ని భయపెట్టి సంతకం పెట్టించుకుని, ఇప్పుడు ఆ సంతకమే చూపిస్తున్నారు.

పోనీ, చేశామన్నవైనా చేశారా? ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం విప్పకుండా త్రాటిల్ బాడీ క్లీన్ చేయడం కుదరదు. ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి చూస్తే ఆ గొట్టం క్లాంపు మీద, స్క్రూ గాడిలో కూడా, నల్లటి దుమ్ము గట్టిపడి అలాగే ఉంది. మేముండేది వన్‌టౌన్‌లో, పోర్టు బొగ్గు దుమ్ము ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి ఉంటే ఆ గాడి అలా పూడుకుపోయి ఉండదు.

కోటింగ్ సంగతి వేరు. ఉప్పుగాలికి తుప్పు పడుతుందన్న మాట నిజమే, కాదనను. కానీ అడుగు భాగం బాగా కడిగి, పూర్తిగా ఆరాకే కోటింగ్ కొట్టాలి, మట్టి మీద కొడితే తేమ లోపలే ఉండిపోయి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. మా బండి చక్రం పైనుండే రేకు లోపలివైపు గోటితో గీకితే కోటింగ్ పొరగా ఊడొచ్చింది, దాని వెనక ఎర్రమట్టి.

ఇంత చేసినవాళ్లు, రెండేళ్లకోసారి మార్చాలని మీ మాన్యువల్‌లోనే ఉన్న బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం మార్చలేదు! అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, పాతబడితే వేడికి త్వరగా మరుగుతుంది, బ్రేకులు పట్టవు. మా అమ్మానాన్న ఇదే కారులో సింహాచలం కొండెక్కి దిగుతారు. డబ్బు పోయిందంటే పోయింది, దీనికి ఎవరిది బాధ్యత?

షెడ్యూల్‌లో లేని పనులకు తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి. బ్రేక్ ఫ్లూయిడ్ ఉచితంగా మార్చండి. ఇకనుంచి ఎస్టిమేట్‌లో కంపెనీ చెప్పిన పనులు ఒకవైపు, డీలర్ సొంతంగా చెప్పేవి ఇంకోవైపు రాసి, రెండోవాటికి విడిగా సంతకం తీసుకోమని మీ డీలర్లందరికీ చెప్పండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తాను, తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, జాబ్ కార్డు, ఫోటోలు జతచేశాను. మాట్లాడాలంటే నాకే ఫోన్ చేయండి, మా నాన్నకి చేసి "సర్దుకుపోండి సార్" అని చెప్పించొద్దు.