వాకౌట్ కాదు, సవరణలు కావాలి

సంపాదక మహాశయా,

భూమి, ప్లానింగ్ సంస్థలను కలిపే బిల్లు తెలంగాణ శాసనసభకు రాగానే ప్రతిపక్షం నినాదాలిచ్చి బయటికి నడిస్తే, క్లాజులన్నీ మూజువాణి ఓటుతో దాటిపోతాయి. నిలదీయాల్సింది అక్కడే.

2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులు రద్దయ్యాయి. మోకా మీదికి, అంటే భూమి దగ్గరికే పోయి హద్దు చూసే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. భూరికార్డుల పోర్టల్ ధరణిలో విస్తీర్ణం తప్పు పడితే మొదట్లో తహసీల్దారుకు దిద్దే అధికారమే లేదు. అప్పీలు దారి 2025లో భూభారతి చట్టంతో గానీ తెరుచుకోలేదు.

వరంగల్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి ఒక్క జిల్లాతో ఆగదు. లేఔట్ అనుమతి ఒకరిది, సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చే నాలా మార్పిడి రెవెన్యూది, చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దు నీటిపారుదల శాఖది. సర్వే నంబరుకు పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో 10 ఎకరాలుండి, పాసుబుక్కులన్నీ కలిపితే 10 ఎకరాల 20 గుంటలు తేలితే, ఆ అరెకరం ఎవరి ఖాతాలో కోస్తారు? బోర్డు మార్చినంత మాత్రాన భూమి కొలతల పటం టిప్పన్ మారదు కదా!

కాబట్టి బిల్లును క్లాజుల వారీగా పరిశీలించే సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపాలని ప్రతిపక్షం పట్టుబట్టాలి. పెండింగ్ ఫైళ్లు ఏ అధికారికి, ఎన్ని రోజుల్లో చేరతాయో, పాత అనుమతులు చెల్లుతాయో లేదో, మండలానికి ఎందరు సర్వేయర్లో సవరణలుగా రాసివ్వాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ